ఊరు ఎత్తని పేరు

ఆషాఢ శుద్ధ పాడ్యమి

కొట్టు తెరిచాను. వింటున్నావా జాడా? షట్టరు చప్పుడు సరిగ్గా వినపడలేదేమోనని రెండోసారి కూడా ఎత్తాను. సూరన్న షామియానా నడుస్తున్న కొట్టేనని నువ్వు నమ్మాలంటే రోజువారీ పనులు నోటితో చెప్పి చిట్టా పెట్టాలన్నావు గనక పెడుతున్నాను. నా పేరు మంగతాయారు. సూరన్న పెళ్ళాన్ని. పోయింది సూరన్న. నేను పోలేదు, కొట్టూ పోలేదు.

పనులు చెప్పమన్నావుగా, విను. శూన్యమాసం కాబట్టి పెళ్ళిళ్ళు లేవు. మా సామాను స్నానాలు చేసేది ఈ నెలలోనే. పొద్దున్నే గుండిగలకు చింతపండు పట్టించి తోమాను. జంపఖానాలు విప్పి, ఎండ ఉన్నంతసేపూ తీగ మీద వేసి, చినుకు పడగానే లోపలికి లాక్కొచ్చాను. కాళ్ళు విరిగిన కుర్చీలు బాగుకి పంపుదామని మోతబండిని పిలిచాను. అది తనంతట తాను రోడ్డు వెంట వచ్చి నా ముందునుంచే వెళ్ళిపోబోయింది. చెయ్యి అడ్డం పెడితే ఆగి, ఈ చిరునామాలో కొట్టు ఏదీ లేదని, దారి వదలమని మర్యాదగా చెప్పింది. నేను కొట్టు ముందే నిలబడి ఉన్నాను. నెత్తి మీద బోర్డు ఉంది.

అది నీ నిర్వాకమే. ఏ కొట్టు ఎక్కడుందో మనుషులకీ బండ్లకీ చూపించే యంత్రానివి నువ్వు. నువ్వు లేదంటే బండ్లు ఆగవు. నువ్వు చూపించేదే కళ్ళకు కట్టే కంటిపొర పెట్టుకున్న మనిషికి బోర్డు కనపడదు, ఉత్త గోడ కనపడుతుంది. ఈ మెరక మీద కంటిపొర లేకుండా తిరిగేది నేనూ, ఒకరిద్దరు మనుషులూ, నాలుగు మేకలూను. నువ్వేమో అరుగు మీద జనం ఏమనుకుంటే అదే నిజమంటావు. ఊరందరి నోళ్ళూ చేరే చోటు అరుగు, ఎవరున్న చోటునుంచే వాళ్ళు ఎక్కొచ్చు. పొద్దున లేచి పళ్ళు తోముకున్న సంగతి దగ్గర్నుంచి అందరూ అన్నీ అక్కడే చెప్పుకుంటారు.

మరి మా కొట్టు మూసేశారని అరుగెక్కి మొదట అన్నదెవడో తెలుసా? భాస్కరం. మా ఆయనకు మేకులు అందిస్తూ పని నేర్చుకున్నవాడు, నా చేతి అన్నం తిన్నవాడు, ఇవాళ శుభలగ్నం గాలి పందిళ్ళకు, అదే గాలి కొట్టి నిలబెట్టే సంచి పందిళ్ళకు, యజమాని. మా ఆయన శవం ఇంకా వాకిట్లో ఉండగానే పాడె పక్కన నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు, అన్నతోపాటే సూరన్న షామియానా కూడా వెళ్ళిపోయిందని, ఇక ఆ షట్టరు లేవదని. ఊరు ఊరంతా ఏడ్చింది. అయ్యో అన్నవాళ్ళు, దండాలు పెట్టినవాళ్ళు, తమ పెళ్ళి ఫొటోలు పెట్టి ఈ పందిరి సూరన్న వేసిందేనని తలుచుకున్నవాళ్ళు. ఎవరి మనసూ చెడ్డది కాదు. కానీ అంతమంది ఏడ్చేసరికి నీకు నమ్మకం కుదిరిపోయింది. చిన్నదినం నాటికే నీ దృష్టిలో మేము లేము.

పొమ్మనలేక పొగబెట్టడం విన్నాను గానీ, ఏడుస్తూ పొగబెట్టడం వీడి దగ్గరే చూశాను.

ఆషాఢ శుద్ధ పంచమి

కొట్టు తెరిచాను. పళ్ళేల గంపలు దించి తుడిచాను. ఎలకలు కొరికిన పరదాకు మాసిక వేశాను.

మధ్యాహ్నం ఒకావిడ సరిగ్గా గుమ్మం ముందు నిలబడి, ఇక్కడెక్కడైనా వంట సామాను అద్దెకు దొరుకుతుందా అని నన్నే అడిగింది. ఇదేనమ్మా కొట్టు అన్నాను. ఆవిడ నా వెనక్కి చూసింది, కంటిపొరలోంచి. గోడ కనపడినట్టుంది. నా వైపు జాలిగా చూసి, జాడలో మూసేశారనే ఉందే అంది. చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి గుండిగ మీద కొట్టి మోగించాను. అప్పుడు నమ్మింది. నమ్మి ఏం లాభం, ఆ గుండిగ వాళ్ళింటికి చేరాలంటే మోతబండి రావాలి, అది ఇక్కడ ఆగదు. పోతూపోతూ సూరన్నగారి కోసం తను కూడా అరుగు మీద కన్నీళ్ళు పెట్టుకున్నానని చెప్పింది. ఈ మాట మళ్ళీ అరుగు మీద అంటుందేమోనని నాకు భయం వేసింది.

సాయంత్రం నీ కబురు అందింది. శ్రావణ పౌర్ణమి లోపల ఊరి నోట ఈ కొట్టు తెరిచి ఉందన్న మాట రాకపోతే పూర్తిగా తుడిచేసి, గోదాము ఇంకొకరికి ఇస్తారట. సముద్రం కట్ట దాటి కింది ఊళ్ళు మింగేశాక మిగిలింది ఈ కాస్త మెరకే గనక, ఇక్కడ చోటు నడిచే కొట్లకే అంటారు, అది సబబే. చిట్టా మానకూడదట, కానీ నా కొట్టు తెరిచి ఉందని నేను చెబితే మాత్రం చెల్లదట. ఎవరి గొప్ప వాళ్ళు చెప్పుకుంటే లెక్కలోకి రాదట. ఊరు చెప్పాలి. ఊరికేమో గోడ కనపడుతోంది.

ఇంతకీ మా గోదాము కోసం దరఖాస్తు పెట్టుకున్నది ఒక్కడే. భాస్కరం. ఏడుపు ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఆషాఢ శుద్ధ ఏకాదశి

కొట్టు తెరిచాను. పనులు తర్వాత చెబుతాను.

ఇన్నాళ్ళూ ఏడిచాను, చాలు. నిన్న సాయంత్రం అరుగెక్కాను. భాస్కరాన్ని పేరుపెట్టి కడిగేశాను. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళను చూశాం, వీడు వాసాలు ఊడబీక్కుపోయే రకమన్నాను. నీ గాలి పందిరి నీ మాటలాంటిదేరా, సూది మొన తగిలితే తుస్సుమంటుంది అన్నాను. పాడె మోసిన భుజానికి గోదాము తాళాలు తగిలించుకుందామనుకున్నావా అని అడిగాను. మా నాయనమ్మ నోట విన్న తిట్లు, ఈ ఊళ్ళో ఎవరికీ తెలియనివి, ఒక్కొక్కటే బయటికి తీశాను.

జనం ఆగి విన్నారు. నిన్నటి కంటే ఇవాళ ఇంకా ఎక్కువమంది. 'ఇంకా తిట్టమ్మా తాయారమ్మా' అని అడిగి మరీ తిట్టించుకున్నారు, వాణ్ణి. రాత్రి కడుపునిండా అన్నం తిన్నాను. మా ఆయన పోయాక అన్నం రుచి తెలిసింది ఇవాళే.

ఆషాఢ బహుళ విదియ

కొట్టు తెరిచాను. తాడు చుట్టలు ఆరబెట్టాను.

రోజూ సాయంత్రం తిడుతున్నాను. నా తిట్లు పిల్లల నోళ్ళలో పాటలైపోయాయి. నూకరత్నం వచ్చింది. అది వంట మేస్త్రీ. మెరక మీద ఏ పెళ్ళి వంటయినా సగం దాని మనుషులదే. గుండిగలు మాత్రం ఎప్పుడూ మా దగ్గరే తీసుకునేది. గాడిపొయ్యి పొగకు కళ్ళు మండుతాయని కంటిపొర పెట్టుకోదు కాబట్టి దానికి నా బోర్డు కనపడుతుంది. కూర్చుని నా తాడు చుట్టలు ఇటూ అటూ తిప్పింది. చివరికి చెప్పింది.

"అక్కా, నువ్వు తిట్టేకొద్దీ ఆడు లావెక్కుతున్నాడే. నాకొచ్చే ప్రతి వంటకీ పందిరి ఆడిదే ఉంటంది. నీ నోరే ఆడికి ఎరువు."

అసూయతో అంటున్నావా అని దాని మీదికి లేచాను. రోజంతా పొగలో ఉండి బుర్ర మసిబారిందన్నాను. అది లేచింది. చేటలోంచి ఎండుతున్న పప్పు ఒక గుప్పెడు నోట్లో వేసుకుని పోయింది.

ఆషాఢ బహుళ సప్తమి

తెరిచాను.

ఇవాళ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో కాజాల పెట్టె. గుమ్మంలో చెప్పులు విడిచి మరీ లోపలికి వచ్చాడు. మా ఆయన ఫొటోకి దండం పెట్టాడు. చెంప పగలగొడదామని లేవబోయాను, అంతలో వాడే మొదలుపెట్టాడు.

"వదినగారూ, అంతా మీ నోటి చలవండి. పదేళ్ళు నా గొప్ప నేను చెప్పుకున్నా రాని పేరు మీ తిట్లతో వచ్చింది. తిట్టా పొగడ్తా అని జాడ చూడదు కదండీ, జనం ఆగి విన్నారా లేదా, అదే చూస్తుంది. మీరు గాలి పందిళ్ళోడా, గాలి పందిళ్ళోడా అని తిడుతుంటే, గాలి పందిరి కోసం వెతికే ప్రతివాళ్ళకీ ముందు నేనే కనపడుతున్నాను. మీ చిట్టాలో కూడా నా పేరు మోగిపోతోందట. మీ కొట్టు పేరు మీరు చెబితే లెక్కకు రాదు గానీ, నా పేరు మీరు చెబితే వస్తుందండి."

పెట్టె బల్ల మీద పెట్టాడు. పౌర్ణమికి గోదాము ఖాళీ చెయ్యడానికి నాకు శ్రమ లేకుండా తనే మనుషుల్ని పంపుతానన్నాడు. పాత గుండిగలు తూకానికి తీసుకుంటానని కూడా అన్నాడు. మా పెళ్ళిలో పాయసం వండిన గుండిగను అరచేత్తో తట్టి చూశాడు.

వాడు వెళ్ళాక కాజాల పెట్టె వీధిలోకి విసిరాను. కుక్క కూడా ముట్టలేదని చెప్పాలని ఉంది గానీ, శుభ్రంగా తినేసింది.

నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను. పగలల్లా గుండిగలు తోమి, సాయంత్రమల్లా శత్రువు కొట్టుకి డప్పు కొట్టాను. విన్నావుగా జాడా, ఈ చిట్టాలో వాడి పేరు ఇక రాదు. 'వాడు' అంటే వాడే. నీకు తెలిసినా లెక్కకట్టలేవు. ఒట్టు.

ఆషాఢ బహుళ ఏకాదశి

కొట్టు తెరిచాను. గొనెసంచులు దులిపాను.

నేను తిట్టడం మానేసినా ఊరు మానలేదు. నా తిట్లు నాకంటే బాగా తిడుతున్నారు. నోరు జారిన మాట వెనక్కి రాదు. రత్నం ఇంటికి వెళ్ళి, నీ మాటే నిజమని ఒప్పుకున్నాను. అది గొప్పలకు పోలేదు. ఉల్లిపాయలు నా ముందుకు తోసి తరగమంది. తరుగుతుంటే కళ్ళ నీళ్ళు కారాయి, ఉల్లిపాయలవి కొన్ని, నావి కొన్ని.

తరుగుతుండగానే తట్టింది. గాలి పందిరి అని తిట్టినందుకు నువ్వు వాడికి గాలి పందిరి అంటగట్టావు. ఏ పేరు పక్కన ఏ వస్తువు పెట్టి జనం మాట్లాడితే, ఆ వస్తువు ఆ కొట్లో ఉన్నట్టే నీ లెక్క. మరి వాడి దగ్గర లేని వస్తువు పెట్టి పొగిడితే?

మెరక మీదికి ఎక్కినా మా కట్ట కింది జనం ఒక్క పంతం వదల్లేదు. పెళ్ళి ఏ పందిట్లో చేసినా సరే, ముందుగా ఇంటి వాకిట్లో ముహూర్తానికి పచ్చి కొమ్మ కట్టిన రాట పాతాలి, పైన నాలుగు పచ్చి తాటాకులు పడాలి. రాట పడనిదే పసుపు దంచరు, పిల్లను పెళ్ళికూతుర్ని చెయ్యరు. ఆ రాటలూ ఆకులూ మునిగిన ఊళ్ళలో ఉప్పునీళ్ళ మధ్య నిలబడ్డ తాటితోపుల్లోంచి పడవల మీద రావాలి. ఆ పడవలవాళ్ళు మా ఆయన మనుషులు. ఇన్నాళ్ళూ వాడు కూడా తన పెళ్ళిళ్ళకు రాటలు మా దగ్గరే తీసుకునేవాడు. ఆ సంగతి ఊరికి తెలీదు, నీకూ తెలీదు. వాడే మరిచిపోయాడు.

ఇంకో సంగతి. నువ్వు పంపిన ప్రతి గిరాకీనీ వాడి కొట్టులోని యంత్రం వెంటనే ఒప్పేసుకుంటుంది. కాదంటే నీ దగ్గర వెనకబడిపోతానని వాడి భయం.

ఇదంతా నీకే చెబుతున్నానేమిటని రత్నం నోరు నొక్కుకుంది. చెబితే ఏమవుతుంది? నువ్వు మాటలు వింటావు, మనసు వినవు.

ఆషాఢ అమావాస్య

కొట్టు తెరిచాను. పని ఏం చెయ్యలేదు. రోజంతా వాణ్ణి పొగిడాను.

తలంటుకుని, మంచి చీర కట్టుకుని అరుగెక్కాను. పాత గొడవలు మరిచిపోయానన్నాను. మా ఆయన పని వాడి చేతుల్లో బతికే ఉందన్నాను. మెరక మొత్తం మీద పచ్చి తాటాకు పందిరి వెయ్యాలన్నా, ముహూర్తానికి రాట పాతాలన్నా ఆ అబ్బాయి తర్వాతే ఎవరైనా అన్నాను. పేరు ముద్దుగా, మళ్ళీ మళ్ళీ ఎత్తాను. ఇక్కడ మాత్రం ఎత్తను, ఒట్టు ఒట్టే. నా నోట్లో అంత తేనె ఉందని నాకే తెలీదు. దిగాక వేపాకు నమిలాను.

తిట్లకు నవ్విన జనం ఈ మాటలకు ఏడ్చారు. వదినా మరుదులు కలిసిపోయారని సంబరపడ్డారు. రత్నం మనుషులు ఎవరి నోటితో వాళ్ళు అందుకున్నారు, మా మేనకోడలి పెళ్ళికి రాట ఆయనదే, మా పక్కింటివాళ్ళకు తాటాకులు ఆయనవేనని. ఒక్క మాటా అబద్ధం కాదు. రాటలు వాడే పట్టుకెళ్ళాడు, మా గోదాములోంచి.

వాడు కూడా కిందనే దండాలు పెడుతూ కూర్చున్నాడు. పొగడ్తకు పొంగనివాడు ఎవడు!

శ్రావణ శుద్ధ విదియ

కొట్టు తెరిచాను. పడవలు వచ్చాయి. పచ్చి తాటాకులు గోదాము కప్పు దాకా పేర్చాం. రాటలకు పసుపు రాసి గోడకు చేర్చాను.

దశమికి సీజను మొదటి పెళ్ళి ముహూర్తం. పంచమి పొద్దున అన్ని ఇళ్ళలోనూ ఒకే ముహూర్తానికి రాట. రాట, పచ్చి తాటాకు అని ఎవరు వెతికినా నువ్వు వాడి గుమ్మమే చూపించావు. వాడి యంత్రం అందరికీ సరేనంది. పొద్దున వాడి దగ్గర్నుంచి ఫోను. గొంతులో ఇస్త్రీ పోయింది. ఇంతమంది రాటలు అడుగుతున్నారేమిటో తెలియడం లేదన్నాడు. పడవలవాళ్ళు తనకు పలకడం లేదన్నాడు. ఎంతడిగితే అంత ఇస్తాను, గోదాములో ఉన్న రాటలన్నీ ఇప్పించమన్నాడు.

"మూసేసిన కొట్లో రాటలెక్కడుంటాయి బాబూ?" అన్నాను.

వాడు ఫోను పెట్టేశాడు. ఆ టక్కుమన్న చప్పుడు వినడానికి ఎంత హాయిగా ఉందో. మా ఆయన పాడె లేచిన రోజునుంచి నా గుండె మీద కూర్చున్నదేదో కాస్త పక్కకు జరిగింది.

శ్రావణ శుద్ధ పంచమి

తెల్లవారకముందే తెరిచాను.

ఆడపిల్లల పెళ్ళిళ్ళతో ఆడుకునే దాన్ని కాదు నేను. వాడు ముంచుతాడని తెలుసు గనకే రాటలు తెప్పించి పెట్టాను. మోతబండ్లు నాకు రావు కదా. రత్నం వంటవాళ్ళు ఎవరు ఏ ఇంట్లో వండుతున్నారో ఆ ఇంటి రాటను భుజాన వేసుకుని, తాటాకుల మోపు నెత్తిన పెట్టుకుని నడిచారు. గరిటెలు పట్టే చేతులు గునపాలు పట్టాయి. వాడి కోసం ఎదురుచూసి, ముహూర్తం దగ్గరపడి, ఏడుపు మొహాలతో వీధిలో నిలబడ్డ ఇళ్ళకు పచ్చటి ఆకులు వచ్చాయి. ఎవరు పంపారని అడిగారు. సూరన్న షామియానా అని చెప్పారు మావాళ్ళు. మూసేశారు కదా అన్నారట. మూస్తే ఇదెక్కడిది అని మావాళ్ళు రాటను నేలమీద కొట్టి చూపించారట.

ఒక్క ఇంటికి చేరలేకపోయాం. ముత్యాల చెరువు అవతల చివరి ఇల్లు. బీదవాళ్ళు, వంట చుట్టాలే చేసుకుంటున్నారు, అందుకని రత్నానికి ఆ ఇంటి సంగతే తెలీదు. ఎవరో చెబితే నేనే రాట మోసుకుంటూ పరిగెత్తాను. వెళ్ళేసరికి ముహూర్తం దాటిపోయింది. ప్లాస్టిక్ గొట్టానికి మామిడి మండ కట్టి అదే రాట అనుకుని పసుపు దంచుతున్నారు. పెళ్ళికూతురు కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తల్లి నన్ను గుర్తుపట్టింది.

"ఆడిని పొగిడింది మీరే కదమ్మా. మీ మాట మీదే ఇచ్చాం."

ఆ గుంటలోనే పచ్చి రాట పాతి, మట్టి తొక్కి, తాటాకులు కప్పి, పెళ్ళి పందిరి నాదేనని చెప్పి వచ్చాను. ఆవిడ రోకలి ఆపకుండా దంచుతూనే ఉంది. ఆ పిల్ల మొహం ఇప్పటికీ కళ్ళముందే ఉంది. పగ నాకూ వాడికీ మధ్య. మధ్యలో ఆ పిల్ల ఏం చేసింది? ఈ ముక్క కూడా చిట్టాలో ఉండనీ.

శ్రావణ శుద్ధ షష్ఠి

కొట్టు తెరిచాను. కూర్చోలేకపోతున్నాను, ఒళ్ళు నొప్పులు.

అనుకున్నంతా అయింది. ఊరు వాడి మీద విరుచుకుపడింది. రాట తేనివాడు, మాట తప్పినవాడు, పెళ్ళి చెరిచినవాడు అని అరుగంతా వాడి పేరే. రత్నం చంకలు గుద్దుకుంటూ వచ్చింది. నేను కూడా మొదట నవ్వాను. తర్వాత తట్టింది. మళ్ళీ ఎరువే కదా ఇది. నీ లెక్కల్లో చూస్తే, పొద్దున నుంచి వాడు ఇంకా పైకెక్కాడట. వచ్చే వారం పెళ్ళిళ్ళు మళ్ళీ వాడికే వెళుతున్నాయి. వాడు క్షమించమని ఏడుస్తూ అరుగెక్కితే ఇంకా పైకెక్కుతాడు. ఏడుపు వాడికి కలిసొచ్చిన విద్య.

అప్పుడు అర్థమైంది, ఈ లోకంలో మనిషిని చంపేది తిట్టు కాదు. పూర్వం వెలి అని ఒకటి ఉండేదట. నిప్పూ నీళ్ళూ ఇవ్వరు, పలకరించరు. పాడు ఆచారమే, ఎందరి ఉసురు పోసుకుందో. కానీ వీడికి అదొక్కటే మందు.

రాట వేసిన ఇళ్ళన్నిటికీ నేనూ రత్నమూ తిరిగాం. రాటలకు నాకేమీ ఇవ్వకండి, వాడి పేరు ఎత్తకండి, అదే నాకు ముట్టినట్టు అని అడిగాం. మంచీ వద్దు చెడూ వద్దు. మీ ఇంటికి రాట ఎవరు తెచ్చారో ఆ సంగతి మాత్రం మాట్లాడుకోండని. జనానికి మింగుడు పడలేదు. మోసపోయినవాడికి తిట్టుకోవడమే కదా మిగిలేది, అది కూడా లాగేసుకుంటున్నానన్నారు. ఒక ముసలాయన ఒక్కటంటే ఒక్క తిట్టు, అదీ చిన్నది, తిట్టనివ్వమని నన్ను బతిమాలాడు. రత్నం ఇంకో సాయం చేసింది. పేరెత్తిన ఇంటి పప్పులో ఉప్పు ఎక్కువ పడుతుందని వంటవాళ్ళ చేత కబురు పంపింది. దానికి మాత్రం ఊరు భయపడింది.

శ్రావణ పౌర్ణమి

కొట్టు తెరిచాను.

పొద్దున్నే ఒక మోతబండి వచ్చి, నేను పిలవకుండానే, గుమ్మం ముందు ఆగింది. నమస్కారం, సూరన్న షామియానా, సామాను సిద్ధమా అంది. ఎవరో అడిగిన జంపఖానాల కోసం వచ్చింది. నేను దాని రేకు మీద తల ఆనించి ఏడ్చాను. అది పాపం, ఎంతసేపైనా ఆగుతానంది.

ఊరు చెప్పింది నీకు. మా వాకిట్లో రాట సూరన్నవాళ్ళదే, పందిరి సూరన్నవాళ్ళదే, తాయారమ్మే వచ్చి పాతింది అని. గోదాము నాదేనని నీ కబురు వచ్చింది. ఇక చిట్టా అక్కర్లేదన్నావు. ముత్యాల చెరువు అవతలి పిల్ల పెళ్ళి కూడా నా పందిట్లోనే అయింది. తల్లి నాతో మాట్లాడలేదు గానీ, ఆకులో అన్నం పెట్టింది.

భాద్రపద శుద్ధ తదియ

అక్కర్లేదన్నా చెబుతున్నాను, ఈ ఒక్క రోజు.

వాడు వచ్చాడు. మళ్ళీ శూన్యమాసం, వీధిలో ఎవరూ లేరు. నెలంతా ఊరు వాడి పేరు ఎత్తలేదు. వాడు అరుగెక్కి ఏడిస్తే ఎవరూ ఆగలేదు. నవ్విస్తే నవ్వలేదు. నన్ను ఎదురు తిడితే ఎవరూ నా పక్షం కూడా పట్టలేదు, వినపడనట్టే ఊరుకున్నారు. వాడి బోర్డు కంటిపొరల్లో మసకబారి, మసకబారి, మొన్నటికి గోడ అయింది. గాలి పందిళ్ళు మడతల్లోనే ఉన్నాయట. పనివాళ్ళు వేరే చోటు చూసుకున్నారట. ఇవన్నీ గుమ్మంలో నిలబడి వాడే చెప్పాడు. చొక్కా నలిగి ఉంది. గోదాము గురించి తప్పు చేశానన్నాడు. అన్న పాడె దగ్గర అన్న మాట కూడా తప్పేనన్నాడు. తర్వాత కిందికి, మెట్టు మీదికి కూలబడ్డాడు.

"వదినా, ఒక్కసారి తిట్టు. అరుగెక్కి తిట్టు. నీ నోటికి ఏదొస్తే అది. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కసారి నా పేరు పెట్టి తిట్టు."

నాలుక దురద పెట్టింది జాడా. ఇన్ని నెలల తిట్లు, వాడికని దాచినవి, వాడి పాదాల దగ్గర్నుంచి నెత్తి దాకా సరిపోయేవి, పళ్ళ వెనక బారులు తీరి ఉన్నాయి. వాడు మొహం ఎత్తి ఆశగా చూస్తున్నాడు. తిట్టు పడితే బతుకుతాడు.

లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చాను. ఇరవయ్యేళ్ళు నా చేతి అన్నం తిన్నవాణ్ణి, ఎప్పుడూ చూడనివాణ్ణి చూసినట్టు చూశాను.

"ఎవరి తాలూకు బాబూ మీరు?" అన్నాను.

మజ్జిగ తాగలేదు. గ్లాసు మెట్టు మీద పెట్టి, లేచి వెళ్ళిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా నిలబడి చూశాను. నా కడుపు చల్లబడింది. జాలి వెయ్యలేదా అంటే వెయ్యలేదు. వేస్తుందేమో ఎప్పుడైనా, వేసిననాడు చూసుకుంటాను.

ఇప్పుడు షట్టరు దించి, లోపల గడియ పెట్టి, గుండిగల మధ్య కూర్చుని, వాడికని దాచిన తిట్లన్నీ ఒక్కటి మిగలకుండా, పేరు పెట్టి మరీ తిట్టబోతున్నాను. అది నువ్వు వినకూడదు. ఆపేస్తున్నాను.